పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు: 1 వేసి ఆగిపోకండి

2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి నాలుగు రోజుల ముందు, మా తమ్ముడి బిడ్డ సిద్దిపేటలో మా ఇంటికి వచ్చింది. డిగ్రీ పూర్తయి నాలుగేళ్లు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అదే మొదటి ఓటు. శివరాత్రి మర్నాడే, 27న పోలింగ్. మాది కరీంనగర్–నిజామాబాద్–ఆదిలాబాద్–మెదక్ నియోజకవర్గం. బ్యాగులోంచి అభ్యర్థుల జాబితా తీసి నా ముందు పరిచింది. 56 పేర్లు. "అత్తా, ఇందులో ఒక్కరికి టిక్కు పెట్టి వస్తే అయిపోతది కదా?" అంది.

నాకు గుండె ఝల్లుమంది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. సర్వీసులో ఉన్నప్పుడు పట్టభద్రుల ఎన్నికలకు రెండుసార్లు కౌంటింగ్ డ్యూటీ చేశాను. టిక్కు పెట్టిన ఓటు ఎక్కడికి పోతుందో నా చేతులతో చూశాను. టేబుల్ చివర చెల్లని ఓట్ల ట్రే ఒకటి ఉంటుంది. అందులోకే.

ఆ రోజు దానికి కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఈ ఓటు మామూలు ఓటు కాదు. మీట నొక్కి వచ్చేది కాదు. ఎంత చదువుకున్నవాళ్లయినా ఒకసారి ఎవరైనా చెప్పకపోతే తప్పు చేస్తారు, చేస్తున్నారు కూడా. ఆ ఎన్నికలో పోలైన 2,52,029 ఓట్లలో 28,686 చెల్లలేదు. అంటే వందకు పదకొండు పైనే. ఓటు వేసిన వాళ్లందరూ డిగ్రీ పట్టా ఉన్నవాళ్లే అన్నది గుర్తుపెట్టుకోండి. ఆ అంకె చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ముందు ఈ ఎన్నిక ఎందుకు వేరో రెండు మాటలు. శాసనసభకు మనం ఎమ్మెల్యేను ఎన్నుకుంటాం. దానికి పైన శాసన మండలి ఉంది. తెలంగాణ మండలిలో 40 స్థానాలు. వాటిలో 14 ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి, 14 స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకునేవి, 6 గవర్నర్ నామినేట్ చేసేవి, 3 ఉపాధ్యాయులవి, 3 పట్టభద్రులవి. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానాలుంటే అందులో 5 పట్టభద్రులవి, 5 ఉపాధ్యాయులవి. ఈ ఎన్నికలన్నీ ఒకే పద్ధతిలో జరగాలని రాజ్యాంగం 171వ అధికరణంలోనే రాసి ఉంది. ఒక్క ఓటే ఉంటుంది, కానీ అది అవసరాన్ని బట్టి ఒక అభ్యర్థి నుంచి ఇంకో అభ్యర్థికి బదిలీ అవుతుంది. ఎవరికి బదిలీ కావాలో ముందే మనం అంకెలతో చెప్పి పెడతాం. మొదటి ప్రాధాన్యత, రెండో ప్రాధాన్యత అని జనం అనేది దాన్నే.

బూత్‌లో ఏం చేయాలి

ఇక్కడ ఈవీఎం ఉండదు. కాగితం బ్యాలెట్ ఇస్తారు. దాని మీద పార్టీ గుర్తులు ఉండవు. పేర్లు, ఫొటోలు ఉంటాయి, ఒక్కో పేరు ఎదురుగా ఖాళీ గడి ఉంటుంది. అభ్యర్థులు ఎక్కువైతే ఆ కాగితం దినపత్రిక పేజీ అంత అవుతుంది. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది, నల్గొండ–ఖమ్మం–వరంగల్ స్థానానికి 71 మంది నిలబడ్డారు. అంత కాగితం చేతికొచ్చాక మనకు కావలసిన పేర్లు వెతుక్కుంటూ నిలబడితే వెనక లైను చూసి టెన్షన్ వస్తుంది. కాబట్టి ఇంట్లోనే జాబితా చూసుకుని, ఎవరెవరికి ఏ అంకె అన్నది ఖాయం చేసుకుని, వాళ్ల వరుస సంఖ్యలు గుర్తుపెట్టుకుని వెళ్లండి. మా అమ్మాయి చేత నేను ఆరు వరుస సంఖ్యలు బట్టీ పట్టించాను.

కాగితంతో పాటు వయలెట్ రంగు స్కెచ్ పెన్ ఇస్తారు. దానితోనే రాయాలి. జేబులో మంచి పెన్ను ఉందని దాన్ని తీయొద్దు. వాళ్లిచ్చింది కాకుండా వేరే పెన్నుతో రాస్తే ఆ ఓటు చెల్లదు.

మీకు అందరికంటే ఎక్కువ నచ్చిన అభ్యర్థి గడిలో 1 అని రాయండి. ఆ తర్వాత నచ్చిన వారికి 2, ఆపైన 3, ఇలా. 1 తప్పనిసరి. మిగతావి మీ ఇష్టం. ఎంతమంది అభ్యర్థులుంటే అన్ని అంకెలు వేయొచ్చు. అంకెను 1 అని రాసినా, తెలుగు అంకె ౧ రాసినా, రోమన్ అంకె రాసినా చెల్లుతుంది. అక్షరాల్లో రాస్తే మాత్రం చెల్లదు. ఒక కౌంటింగ్‌లో నా చేతికి వచ్చిన బ్యాలెట్ ఒకటి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గడి మధ్యలో, గుండ్రని చక్కటి చేతిరాతతో "ఒకటి" అని రాసి ఉంది. తెలుగు పండితులెవరో అయి ఉంటారనుకున్నాను. ఎంత శ్రద్ధగా రాశారో. ఎవరి పేరు ఎదురుగా అన్నది చెప్పను, చెప్పకూడదు. ఆ కాగితాన్ని చెల్లని ట్రేలో పెట్టేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగింది.

ఓటును చంపేసే తప్పులు ఇవి. 1 అసలు వేయకుండా 2, 3 వేయడం. ఇద్దరికి 1 వేయడం. ఒకే పేరు ఎదురుగా 1తో పాటు ఇంకో అంకె కూడా వేయడం. 1 ఏ గడికి చెందిందో తెలియకుండా రెండు గడుల మధ్య గీత మీద వేయడం. టిక్కు, ఇంటూ గుర్తు, సున్నా చుట్టడం. ఇక అన్నింటికంటే బాధ కలిగించేది, అంకె సరిగ్గా వేసి కింద సంతకం పెట్టడం. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ప్రతి కాగితం మీదా సంతకం పెట్టే అలవాటు కదా, చేయి తానే పోతుంది. ఓటు వేసింది ఎవరో తెలిసేలా సంతకం గానీ, పేరు గానీ, వేలిముద్ర గానీ, ఏ రాతగానీ ఉంటే ఆ ఓటు చెల్లదు. ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి అభ్యర్థికి నాలుగు లైన్ల విన్నపం రాసి, కింద పేరు రాసిన కాగితం చూశాను. ఆ మనిషి గోడు నిజం. ఆయన ఓటు మాత్రం లెక్కలోకి రాలేదు.

2 దగ్గరో 3 దగ్గరో తప్పు చేస్తే ఓటు మొత్తం పోదు. ఇద్దరికి 2 వేశారనుకోండి, 1 చెల్లుతుంది, కానీ బదిలీ చేయాల్సి వచ్చినప్పుడు ఆ ఓటు అక్కడితో ఆగిపోతుంది. 1 వేసి, 2 వేయకుండా 3 వేసినా అంతే. వరుస తెగకూడదు.

రాసేటప్పుడు చేయి జారి తప్పు పడిందా? కొట్టివేసి దిద్దకండి. దిద్దిన అంకె 1 అవునో కాదో టేబుల్ దగ్గర అనుమానం వస్తే ఓటు పోయినట్టే. కాగితాన్ని పెట్టెలో వేయక ముందే ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికి తీసుకెళ్లి, పొరపాటు జరిగిందని చెప్పండి. ఆయన దాన్ని రద్దు చేసి ఇంకో బ్యాలెట్ ఇస్తారు. నిబంధనల్లోనే ఉంది, ఎవరి దయా కాదు. ఇది చాలామందికి తెలియదు. పెట్టెలో పడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఇరవై ఒక్క చీటీలు

లెక్కింపు ఎలా జరుగుతుందో తెలిస్తేనే 2, 3 ఎందుకు వేయాలో అర్థమవుతుంది. నోటితో చెబితే మా అమ్మాయికి ఎక్కలేదు. అందుకని పాత నోటుబుక్కు చింపి 21 చీటీలు చేశాం. నలుగురు అభ్యర్థులు: నెమలి, పావురం, కోయిల, చిలక. చీటీల మీద అంకెలు వేసి, కలిపి, డైనింగ్ టేబుల్ మీద నాలుగు కుప్పలు పోశాం. 1 ఎవరికి ఉంటే ఆ కుప్పలోకి.

నెమలికి 8, పావురానికి 6, కోయిలకు 4, చిలకకు 3.

మామూలు ఎన్నికైతే నెమలి గెలిచినట్టే. ఇక్కడ కాదు. ఇక్కడ గెలవాలంటే కోటా రావాలి. చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపితే అది కోటా. 21లో సగం పదిన్నర, శేషం వదిలేస్తే 10, ఒకటి కలిపితే 11. ఎవరికీ 11 లేవు. అప్పుడు అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేస్తారు. దాన్నే ఎలిమినేషన్ అంటారు. చిలక బయటికి.

చిలక చీటీలు మూడూ చేతిలోకి తీసుకున్నాం. వాటిని పారేయం. ఒకదాని మీద 2 కోయిలకు ఉంది, అది కోయిల కుప్పలోకి వెళ్లింది. ఇంకోదాని మీద 2 పావురానికి. మూడో చీటీ మీద 1 తప్ప ఇంకేమీ లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఎక్కడా పెట్టలేం. టేబుల్ అంచున పక్కకు పెట్టాం. ఇప్పుడు నెమలి 8, పావురం 7, కోయిల 5, పక్కన 1.

ఇంకా ఎవరికీ 11 రాలేదు. కోయిల బయటికి. దాని దగ్గర సొంత చీటీలు నాలుగు, చిలక నుంచి వచ్చినది ఒకటి. సొంత చీటీల్లో రెండు నేరుగా పావురానికి వెళ్లాయి. ఒకదాని మీద 2 చిలకకు ఉంది. చిలక ముందే పోయింది కదా, మా అమ్మాయి ఆ చీటీని పక్కన పెట్టబోయింది. "ఆగు, కింద 3 చూడు" అన్నాను. 3 పావురానికి. అక్కడికి వెళ్లింది. నాలుగో దాని మీద 1 ఒక్కటే, అది టేబుల్ అంచుకు. చిలక నుంచి వచ్చిన చీటీ మీద 3 నెమలికి ఉంది, అది నెమలికి.

ఇప్పుడు పావురం 10, నెమలి 9, పక్కన 2.

కోటా 11 ఇద్దరికీ లేదు. అయినా నిబంధన ప్రకారం తక్కువ ఉన్న నెమలిని తీసేస్తారు, బరిలో పావురం ఒక్కటే మిగులుతుంది. మిగిలింది ఒక్కరే కాబట్టి కోటా రాకపోయినా పావురం గెలిచినట్టు ప్రకటిస్తారు. కోటా మొదట్లో ఎంతని తేలిందో చివరి దాకా అంతే, మధ్యలో ఓట్లు ఆగిపోయాయని తగ్గించరు.

మా అమ్మాయి టేబుల్ అంచున ఉన్న రెండు చీటీలను చూస్తూ కాసేపు కూర్చుంది. "ఈ రెండు నెమలికి పోయి ఉంటే?" అని అడిగింది. 9కి 2 కలిపితే 11. నెమలి గెలిచేది. ఆ రెండు చీటీల మీద తప్పేమీ లేదు, చెల్లిన ఓట్లే. కానీ అసలు పోటీ జరిగే చోటికి అవి చేరలేదు.

నిజం ఎన్నికల్లో ఇదే జరుగుతోంది

ఇది చీటీల ఆట కాదని చెప్పడానికి మా నియోజకవర్గమే చాలు. 2025లో చెల్లిన ఓట్లు 2,23,343. కోటా 1,11,672. మొదటి ప్రాధాన్యత ఓట్లలో చిన్నమైల్ అంజిరెడ్డికి 75,675, నరేందర్ రెడ్డికి 70,565, ప్రసన్న హరికృష్ణకు 60,419 వచ్చాయి. కోటా దరిదాపుల్లో ఎవరూ లేరు. మార్చి 3న మొదలైన లెక్కింపు ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేసుకుంటూ 5 దాకా నడిచింది. చివరికి ఇద్దరు మిగిలేసరికి అంజిరెడ్డికి 98,637, నరేందర్ రెడ్డికి 93,531. తేడా 5,106. ఇద్దరిలో ఎవరికీ కోటా రాలేదు, ఎక్కువ ఉన్న అంజిరెడ్డి గెలిచారు.

నేను లెక్కల టీచర్ని కాబట్టి ఆ అంకెలను అలా వదలలేను. 98,637కు 93,531 కలిపితే 1,92,168. చెల్లిన ఓట్లలోంచి అది తీసేస్తే 31,175. అంటే 31 వేల పైచిలుకు ఓట్లు చివరి ఇద్దరి దాకా రాకుండానే దారిలో ఆగిపోయాయి. తేడా అయిదు వేలు. ఆగిపోయినవి ముప్పై ఒక్క వేలు. దీనికి చెల్లని 28,686 కలిపి చూడండి. ఎవరు గెలవాల్సింది, ఎవరు ఓడాల్సింది అన్నది నేను అనడం లేదు. ఆ ఓట్లు ఎటు వెళ్లేవో ఎవరికీ తెలియదు. దాదాపు అరవై వేల మంది లైన్లో నిలబడి ఓటు వేసి వచ్చారు, చివరి నిర్ణయంలో వాళ్ల మాట లేదు. నాకు బాధ అక్కడ.

2021లో నల్గొండ–ఖమ్మం–వరంగల్‌లోనూ ఇదే తీరు. కోటా 1,83,167 అయితే, గెలిచిన పల్లా రాజేశ్వర్ రెడ్డికి చివరికి 1,61,811, తీన్మార్ మల్లన్నకు 1,49,005.

మొదటి లెక్కలో ముందున్నవారే గెలుస్తారన్న నమ్మకమూ లేదు. 2023లో పశ్చిమ రాయలసీమ స్థానం, అంటే ఉమ్మడి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలది, చూడండి. మొదటి ప్రాధాన్యతలో వెన్నపూస రవీంద్రారెడ్డికి 95,969, భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డికి 94,149. 1,820 ఓట్లు వెనకబడిన రాంగోపాల్ రెడ్డి, బదిలీలన్నీ అయ్యాక 7,543 ఆధిక్యంతో గెలిచారు. ఆ తేడా అంతా ఇతరులకు 1 వేసిన వాళ్లు రాసిన 2, 3 అంకెల నుంచి వచ్చిందే.

రాష్ట్రపతి ఎన్నికలోనూ ఇదే పద్ధతి. 1969లో పోటీ పడిన ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ తెలుగువాళ్లే, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. కోటా విలువ 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515 వచ్చి ఆగింది. ఎలిమినేట్ అయిన వాళ్ల ఓట్లు పంచుతుంటే ఎక్కువ భాగం సంజీవరెడ్డికే వెళ్లాయి, ఆయన 3,13,548 నుంచి 4,05,427కు చేరారు. అయినా గిరికి కావలసింది కొంచెమే కాబట్టి 4,20,077తో గెలిచారు. మా నాన్న ఆ కథ ఎన్నిసార్లు చెప్పేవాడో. నాకు ప్రాధాన్యత ఓటు మీద మోజు మొదలైంది ఆయన దగ్గరే.

2 వేస్తే 1కి దెబ్బా?

ప్రచారంలో మీకు ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది: "మాకు 1 వేయండి, ఇంకెవరికీ ఏమీ వేయొద్దు, వేస్తే మా ఓటు బలం తగ్గుతుంది." ఇది తప్పు. ఒక్క స్థానానికి జరిగే పట్టభద్రుల ఎన్నికలో మీరు 1 వేసిన అభ్యర్థి బరిలో ఉన్నంతసేపు మీ 2ను ఎవరూ తిరగేసి కూడా చూడరు. ఆయన ఎలిమినేట్ అయ్యాకే దాన్ని చూస్తారు. అంటే మీ 2 వల్ల మీ 1కి నష్టం జరిగే అవకాశమే లేదు. ఇంకో అపోహ, రెండో ప్రాధాన్యత అంటే సగం ఓటు అని. కాదు. బదిలీ అయినా అది పూర్తి ఓటే. మా చీటీల్లో పావురానికి చిలక నుంచి వచ్చినదీ, మొదట్నుంచీ ఉన్నదీ ఒక్కటే బరువు.

అయితే ఎన్ని వేయాలి? 56 మందికీ వేయమని నేను చెప్పను. అంకెలు పెరిగేకొద్దీ ఒకే అంకె రెండు చోట్ల పడటమో, మధ్యలో ఒక అంకె తప్పిపోవడమో జరుగుతుంది. అయిదో ఆరో చాలు. కానీ ఒక నియమం పెట్టుకోండి. ఆ అంకెల్లో, చివరి ముగ్గురిలో ఉంటారని మీరు అనుకునే వాళ్లలో కనీసం ఒకరైనా ఉండాలి. మనసుకు నచ్చిన స్వతంత్ర అభ్యర్థికి 1 వేయండి, సంతోషంగా వేయండి. అలాంటి ఇంకో ఇద్దరికి 2, 3 వేయండి. ఆ తర్వాత పెద్ద అభ్యర్థుల వైపు చూసి, "వీళ్లిద్దరే మిగిలితే నేను ఎవరివైపు?" అని ఒక్కసారి ఆలోచించుకుని ఆ పేరుకు 4 వేయండి. చాలామంది 2, 3 కూడా గెలిచే అవకాశం లేనివారికే వేసి ఆగిపోతారు. ఆ ఓటు రెండుసార్లు బదిలీ అయి టేబుల్ అంచుకే చేరుతుంది. అసలు గిట్టనివారికి ఏ అంకే ఇవ్వక్కర్లేదు.

ఉపాధ్యాయుల స్థానాలకూ అచ్చం ఇదే. ఎమ్మెల్యేలు ఓటేసే ఎన్నికలో మాత్రం ఒకేసారి కొన్ని స్థానాలకు పోటీ ఉంటుంది కాబట్టి లెక్క కొంచెం మారుతుంది. ఒక్కో ఓటు విలువ 100 అనుకుని, మొత్తం విలువను స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తారు. 119 మంది ఎమ్మెల్యేలు అయిదు స్థానాలకు ఓటేస్తే 11,900ను 6తో భాగించి ఒకటి కలపాలి. 1,984. అంటే ఇరవై మంది ఎమ్మెల్యేలు మొదటి ప్రాధాన్యత ఇస్తే ఒక స్థానం ఖాయం. కోటా దాటిన మిగులు కూడా బదిలీ అవుతుంది. అది మన చేతిలో లేని ఓటు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

కౌంటింగ్ హాలులో ఏం జరుగుతుందో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మూడు రోజులు పట్టిందంటే ఏదో మోసం జరుగుతోందని జనం అనుకుంటారు. ముందు పెట్టెలన్నీ తెరిచి, కాగితాలు విప్పి, 25 చొప్పున కట్టలు కడతారు. ఏ బూత్ ఎటు మొగ్గిందో తెలియకుండా అన్ని బూత్‌లవీ కలిపేస్తారు. ఆ తర్వాత ఒక్కో కాగితాన్నీ చూసి చెల్లేదో కాదో తేలుస్తారు. అంత పెద్ద కాగితం మీద 1 ఎక్కడుందో వెతకడానికే సమయం పడుతుంది. ఏజెంట్లు మెడలు చాచి చూస్తుంటారు. అనుమానం ఉన్నదాన్ని రిటర్నింగ్ అధికారి ముందు పెడతారు. మొదటి ప్రాధాన్యత తేలాక ఎలిమినేషన్ మొదలవుతుంది. ఎవరికైనా పన్నెండు ఓట్లే వచ్చినా సరే, ఆ పన్నెండు కాగితాలూ తీసి, 2 చూసి, పంచి, మొత్తం మళ్లీ రాసి, ఏజెంట్లకు చెప్పి, అప్పుడు తర్వాతి అభ్యర్థి దగ్గరికి వెళ్లాలి. యాభై మందికి యాభైసార్లు. రెండో రాత్రికి మా కళ్లకు వయలెట్ రంగు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అయినా ఆ పన్నెండు మంది ఓటూ అంతే మర్యాదగా చూశాం.

జాబితాలో పేరు ఉండాలంటే

ఇదంతా తెలిసినా, ఓటరు జాబితాలో పేరు లేకపోతే ఉపయోగం లేదు. మామూలు ఓటరు కార్డు ఉంటే ఇక్కడ చాలదు. పట్టభద్రుల జాబితా వేరు. పైగా ప్రతి ఎన్నికకూ దాన్ని మళ్లీ మొదటి నుంచి తయారు చేస్తారు. ఆరేళ్ల కింద నమోదు చేసుకున్నాను కదా అని కూర్చుంటే పేరు ఉండదు. మా తమ్ముడు అలాగే కూర్చున్నాడు. పోలింగ్ రోజు బూత్ దాకా వెళ్లి తిరిగి వచ్చాడు.

అర్హత తేదీ నవంబరు 1. ఆ తేదీకి మీ డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్లు గడిచి ఉండాలి, ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. పట్టభద్రులు ఫారం 18 నింపాలి, డిగ్రీ సర్టిఫికెట్ జత చేయాలి. ఉపాధ్యాయులది ఫారం 19. వాళ్లు గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు హైస్కూలు లేదా అంతకు పై స్థాయిలో పాఠం చెప్పి ఉండాలి. గడువు తీరే పదవులకైతే మామూలుగా అక్టోబరు మొదటి రోజుల్లో నోటీసు వస్తుంది, నవంబరు మొదటి వారం దాకా దరఖాస్తులు తీసుకుంటారు. పోలింగ్ ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఉంటుంది. ఎన్నికల హడావుడి మొదలయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే ఫారాలు, ఇదే నవంబరు 1.

27న మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో వణుకు. లోపలికి వెళ్లాక కంగారులో 1 వేయాల్సిన గడికి పక్క గడిలో వేసిందట. కొట్టేయబోయి, నేను చెప్పింది గుర్తొచ్చి, కాగితం మడిచి పట్టుకుని ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, "సార్, తప్పు పడింది, ఇంకోటి ఇవ్వండి" అని అడిగిందట. ఆయన పాతది తీసుకుని, రద్దు చేసి, కొత్తది ఇచ్చారు.

"రెండో దాని మీద ఆరు దాకా వేసిన అత్తా," అంది. "ఇంకు ఆరినంక మడిచిన."

ఎవరికి వేసిందో నేను అడగలేదు.